దుబాయ్ కంపెనీ ‘లాంగ్ లీవ్’ మీద ఇంటికి పంపిస్తానంటోంది, మా ఆయన్ని రమ్మననా వద్దా?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఆయన ఆరేళ్లుగా దుబాయ్‌లో ఒకే కంపెనీలో స్టీల్ ఫిక్సర్. సైటు ఆగిపోయి అల్ ఖూజ్ క్యాంపులో ఖాళీగా ఉన్నాడు. రెండు నెలలుగా జీతం పడలేదు. "టికెట్ మేమే ఇస్తాం, ఆరు నెలలు లాంగ్ లీవ్ మీద ఇంటికి వెళ్లు, పని మొదలవగానే పిలుస్తాం, పాత జీతం అకౌంట్‌లో వేస్తాం" అంటున్నారు ఆఫీసు వాళ్లు. ఇక్కడ మీ మీద లక్షా 80 వేల అప్పు ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. రమ్మనాలా, ఉండమనాలా అని అడిగారు.

ఆ లాంగ్ లీవ్ కాగితం మీద సంతకం పెట్టి మాత్రం విమానం ఎక్కొద్దని ఈరోజే చెప్పండి. ఇంటికి రావడం తప్పు కాదు. వచ్చేటట్టయితే వీసా క్యాన్సిల్ చేయించుకుని, ఆగిన జీతం, లీవ్ శాలరీ, సర్వీస్ డబ్బులు (పని చేసిన ఏళ్లకు లెక్కగట్టి చివర్లో ఇచ్చేవి) చేతికి తీసుకుని రావాలి. అవి ఇచ్చేది లేదంటే అక్కడే ఉండి లేబర్ మినిస్ట్రీలో ఫిర్యాదు పెట్టాలి. ఫ్రీ టికెట్ చూసి తొందరపడితే ఆరేళ్ల కష్టం ఆఫీసు ఫైల్లోనే ఉండిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి కాగితాలు ఒకప్పుడు నా చేతుల మీదుగానే వెళ్లాయి. నేను 2006లో టైం కీపర్‌గా దుబాయ్ వెళ్లాను, తర్వాత పేరోల్‌లోకి మారి 2021 వరకు అక్కడే ఉన్నాను. 2009 మాంద్యం, 2020 కరోనా, రెండూ ఆఫీసు బల్లకు ఇవతలి నుంచి చూశాను.

2009 సంగతి చెబుతాను. 2008 సెప్టెంబర్‌లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. ఆ నవంబర్‌లో పామ్ జుమేరా మీద అట్లాంటిస్ హోటల్ ఆరంభానికి కాల్చిన బాణసంచాను మేము క్యాంపు మేడ మీద నుంచి చూశాం. దుబాయ్‌కి ఏమీ కాదని ఆ రాత్రి అందరం అనుకున్నాం. 2009 జనవరిలో కిలోమీటరు ఎత్తు కడతామన్న నఖీల్ టవర్ పని ఆపేశారు. ఆ తర్వాత ఒక్కో సైటులో క్రేన్లు నిలిచిపోవడం మొదలైంది. మా సైటులో ఓవర్‌టైమ్ కాలమ్‌లో సున్నాలు రాస్తూ పోయాను, రెండు నెలలకు మామూలు గంటల కాలమ్‌లో కూడా సున్నాలు వచ్చాయి.

అప్పుడు ఆఫీసు నుంచి ఒక కాగితాల కట్ట వచ్చింది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, పైన అరబిక్, కింద ఇంగ్లీషు. మూడో లైనులో "నా సొంత కోరిక మీద జీతం లేని సెలవు అడుగుతున్నాను" అని ఉంది. వరసలో మా పక్క జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిలబడ్డాడు, తాపీ మేస్త్రీ. "ఇది ఛుట్టీ కాగితమే కదా సార్?" అని అడిగాడు. అవునన్నాను. ఆ మూడో లైను ఆయనకు చదివి చెప్పలేదు. ఆయన కాగితాన్ని బల్ల మీద సరిచేసుకుని, తెలుగులో ఒక్కో అక్షరం నిదానంగా పేరు రాశాడు. మళ్లీ వస్తాను కదా అని రైస్ కుక్కర్, మందపాటి దుప్పటి రూమ్ వాళ్లకు అప్పజెప్పి వెళ్లాడు. నాలుగు నెలల జీతం రావాలి ఆయనకు. వారం వారం ఊరి నుంచి నాకు ఫోన్ చేసేవాడు. కంపెనీ పిలవలేదు, డబ్బూ వేయలేదు. ఆరు నెలలు దాటాక వీసా దానంతటదే పోయింది. ఆ తర్వాత ఫోన్లు కూడా ఆగిపోయాయి. పదిహేనేళ్లు దాటినా ఆ సంతకం నా కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. ఈ కాగితంలో మూడు చిక్కులున్నాయి.

మొదటిది ఆ ఆరు నెలల లెక్క. యూఏఈ రెసిడెన్స్ వీసా ఉన్న మనిషి 180 రోజులకు మించి దేశం బయట ఉంటే మామూలుగా ఆ వీసా చెల్లదు. అంటే ఆరు నెలల లీవ్ అయ్యేసరికి, ఉద్యోగం నుంచి తీసేశామని ఎవరూ కాగితం ఇవ్వకుండానే మీ ఆయన ఉద్యోగం పోయినట్టే.

రెండోది "సొంత కోరిక" అన్న మాట. అక్కడి లేబర్ చట్టం ప్రకారం జీతం లేని సెలవు కార్మికుడు అడిగితే కంపెనీ ఒప్పుకునేది. ఆ రోజులు సర్వీసులో కలవవు. పని లేదని కంపెనీ తానే పంపించినా, సంతకం పెట్టాక అది మీ ఆయన అడిగి తీసుకున్న సెలవు అయిపోతుంది.

మూడోది చాలామందికి తెలియదు. 2023 జనవరి నుంచి అక్కడ ఉద్యోగం పోయినవాళ్లకు ఒక ఇన్సూరెన్స్ ఉంది, ఐఎల్ఓఈ అంటారు. బేసిక్ (అలవెన్సులు కలపని అసలు జీతం) 16,000 దిర్హాముల లోపు ఉన్నవాళ్లు నెలకు 5 దిర్హాములు కడతారు. వరుసగా కనీసం 12 నెలలు కట్టి ఉండి, కంపెనీయే తీసేస్తే, బేసిక్‌లో 60 శాతం చొప్పున మూడు నెలల వరకు ఇస్తారు. తీసేసిన 30 రోజుల్లోపు క్లెయిమ్ పెట్టాలి. రాజీనామా చేసినవాళ్లకు రాదు, దేశం వదిలి వెళ్లినవాళ్లకు రాదు. 800 దిర్హాముల బేసిక్ మీద నెలకు 480 వస్తుంది. చిన్న మొత్తమే, కానీ వేరే పని వెతుక్కునేలోపు మెస్ ఖర్చుకు సరిపోతుంది. లాంగ్ లీవ్‌లో వచ్చేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

సర్వీస్ డబ్బులు ఎంత వస్తాయో ముందే లెక్క కట్టుకోండి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. ఓవర్‌టైమ్, ఫుడ్ అలవెన్సు ఇందులో కలవవు. బేసిక్ 800 అనుకుంటే రోజుకు 26 దిర్హాముల 67 ఫిల్సులు. ఐదేళ్లకు 105 రోజులు, అంటే 2,800. ఆరో ఏడాదికి 800. మొత్తం 3,600 దిర్హాములు. మన డబ్బుల్లో 80 వేలకు పైనే. దీనికి రెండు నెలల పాత జీతం, వాడుకోని సెలవుల డబ్బు కలపండి. మీ అప్పులో చాలా భాగం ఆ కంపెనీ దగ్గరే ఉంది. పని నుంచి తీసేసినప్పుడు ఈ లెక్కంతా 14 రోజుల్లోపు తేల్చాలని చట్టం. ఇంటికి వచ్చేటట్టయితే మామూలుగా టికెట్ కంపెనీయే ఇవ్వాలి, కాబట్టి ఇప్పుడు ఇస్తామంటున్న టికెట్ ప్రత్యేకంగా చేస్తున్న ఉపకారం కాదు.

క్యాంపుల్లో ఇప్పటికీ ఒక పాత మాట తిరుగుతుంటుంది, రాజీనామా చేస్తే సర్వీస్ డబ్బులు కోత పడతాయని. 1980 నాటి చట్టంలో ఐదేళ్లు నిండనివాళ్లకు ఆ కోత ఉండేది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో లేదు. అయినా మీ ఆయన తనంతట తాను రాజీనామా ఇవ్వాల్సిన పని లేదు. పని లేదని చెబుతున్నది కంపెనీ, కాబట్టి తీసేసే కాగితం కూడా కంపెనీయే ఇవ్వాలి.

ఇక కంపెనీ నిజంగా మునిగిందా, కొన్నాళ్లు ఇబ్బందిలో ఉందా అన్నది ఎలా తెలుస్తుంది? ఊరి మెరుపులు చూసి మాత్రం అంచనా వేయకూడదు. 2009 సెప్టెంబర్ 9న దుబాయ్ మెట్రో మొదలైంది. అదే ఏడాది నవంబర్ 25న దుబాయ్ వరల్డ్ అనే ప్రభుత్వ కంపెనీ అప్పులు కట్టడానికి గడువు కావాలని ప్రకటించింది. డిసెంబర్ 14న అబుధాబి 1,000 కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకుంది. మూడు వారాలకు, 2010 జనవరి 4న, బుర్జ్ ఖలీఫా ఆరంభమైంది. ప్రపంచమంతా ఆ టవర్‌ని టీవీలో చూస్తుంటే, సోనాపూర్ క్యాంపుల్లో జీతం రాక మనవాళ్లు చందాలేసుకుని బియ్యం కొనుక్కున్నారు. సోనాపూర్ అంటే బంగారు ఊరు అని అర్థం.

డబ్బు ఆగడం పైనుంచి మొదలవుతుంది. ఫ్లాట్లు కొన్నవాళ్లు వాయిదాలు ఆపితే బిల్డర్ ఆపుతాడు, బిల్డర్ ఆపితే మెయిన్ కాంట్రాక్టర్, అతను ఆపితే సబ్ కాంట్రాక్టర్. చివర్లో ఉన్నది స్టీల్ కట్టేవాడు. ఆ వరస వల్ల కార్మికుడికి సంగతి అందరికంటే ఆలస్యంగా తెలుస్తుంది. కానీ క్యాంపులో గుర్తులు ముందే కనబడతాయి. ఓవర్‌టైమ్ పోవడం మొదటి గుర్తు, అది మాత్రమే అయితే భయం లేదు. మెస్ కాంట్రాక్టర్ కూర తగ్గించి చివరికి మానేస్తే, అతనికీ డబ్బు రావడం లేదని అర్థం. సైటు బస్సులు తగ్గడం, ఆరుగురు ఉండే రూమ్‌లో పదిమందిని సర్దడం తర్వాతి మెట్లు. నా అనుభవంలో అన్నిటికంటే చెడ్డ గుర్తు వీసా, లేబర్ కార్డు (పని అనుమతి) రెన్యూ చేయకపోవడం. ఆ ఫీజు కూడా కట్టలేని స్థితికో, కట్టనవసరం లేదన్న నిర్ణయానికో వచ్చిన కంపెనీ మిమ్మల్ని ఆరు నెలల తర్వాత పిలవదు. మీ ఆయన కార్డు గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రాత్రి ఫోన్‌లో అడగండి. గడువు దగ్గరపడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఫిర్యాదు గురించి. అక్కడ జీతాలు బ్యాంకు లేదా ఎక్స్ఛేంజ్ ద్వారానే ఇవ్వాలి, డబ్ల్యూపీఎస్ అంటారు. 2009లో అంతమంది జీతాలు ఆగిన ఏడాదే అది వచ్చింది. కాబట్టి రెండు నెలలు పడలేదన్నది మినిస్ట్రీ కంప్యూటర్లో ఇప్పటికే ఉంటుంది. మీ ఆయన లేబర్ మినిస్ట్రీ వాళ్ల మోహ్రే యాప్‌లో గానీ, 80084 నంబరుకు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయడానికి చూస్తారు. కుదరకపోతే, 50,000 దిర్హాముల లోపు క్లెయిమ్‌లను మినిస్ట్రీయే తేలుస్తుంది. లక్ష దిర్హాముల లోపు కేసు కోర్టుకు వెళ్లినా కార్మికుడికి కోర్టు ఫీజు లేదు. కంపెనీ చేతులెత్తేస్తే, కార్మికుడి పేరున కట్టిన ఇన్సూరెన్సో బ్యాంక్ గ్యారంటీయో ఉంటుంది, దాని నుంచి కొంతవరకు ఇప్పిస్తారు. ఆయన వీసా జెబెల్ అలీ లాంటి ఫ్రీ జోన్‌ది (కంపెనీలకు వేరే రూల్స్ ఉండే ప్రాంతం) అయితే మాత్రం ముందు ఆ ఫ్రీ జోన్ ఆఫీసుకే వెళ్లాలి.

ఫిర్యాదు పెడితే పగ పడతారేమో అన్న భయం ఉంటుంది, అది సహజం. రూమ్‌లో నలుగురైదుగురు కలిసి వెళ్తే ఆ భయం తగ్గుతుంది. కానీ పని మానేసి రోడ్డు మీద కూర్చోవద్దు. అక్కడ యూనియన్లకు, సమ్మెలకు అనుమతి లేదు, న్యాయం మనవైపు ఉన్నా కేసు మనమీదే పడుతుంది.

2020లో నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, షట్టరింగ్ కార్పెంటర్. మూడు నెలల జీతం రావాలి, తోటివాళ్లంతా కరోనా అప్పుడు మన ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాల్లో వెళ్లిపోతున్నారు. అతను వెళ్లలేదు. ఫోన్‌లో ఒక ఫోల్డర్ చూపించాడు. ఆఫర్ లెటర్, లేబర్ కార్డు రెండు వైపులా, ప్రతి నెలా శాలరీ మెసేజ్, చివరి ఆరు నెలల టైమ్ షీట్ ఫొటోలు, అన్నీ తేదీల వారీగా ఉన్నాయి. ఫిర్యాదు కౌంటర్‌లో ఆ ఫోల్డర్ తెరిచాక కంపెనీ మందూబ్ (ప్రభుత్వ ఆఫీసుల్లో కంపెనీ పనులు చూసే మనిషి) వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఏడు వారాలు పట్టింది, ఒక నెల జీతం మీద కొంచెం తగ్గించుకోవాల్సి వచ్చింది, కానీ డబ్బు చేతికి వచ్చాకే విమానం ఎక్కాడు. అతను చదివింది ఏడో తరగతి.

మీ ఆయన చేత కూడా ఆ ఫోల్డర్ చేయించండి. ఫొటోలు మీకు వాట్సాప్‌లో పంపమనండి, ఫోన్ పోయినా మీ దగ్గర ఉంటాయి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడగండి. కంపెనీ దాన్ని ఉంచుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం.

క్యాన్సిలేషన్ కాగితం మీద కూడా డబ్బు చేతికి వచ్చాకే సంతకం. అందులో "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అని ఉంటుంది. "ముందు సంతకం పెట్టు, డబ్బు ఎయిర్‌పోర్టులో ఇస్తాం" అనే మాట నేను చాలాసార్లు విన్నాను, నమ్మొద్దు. తప్పనిసరిగా రావాల్సి వస్తే, ఇంట్లో ఆరోగ్యం బాగాలేకనో మరొకటో, ముందు ఫిర్యాదు పెట్టి, నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి రావాలి. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్ల వరకు క్లెయిమ్ వేసే హక్కు ఉంది, 2024 ఆగస్టు 31కి ముందు ఒక్క ఏడాదే ఉండేది. కానీ ఇక్కడి నుంచి నడిపించడం చాలా కష్టం. దుబాయ్ సిమ్ ఆగిపోతే ఓటీపీలు కూడా రావు.

అక్కడే వేరే పని దొరుకుతుందా అంటే, దొరకొచ్చు. ప్రైవేటు టవర్లు ఆగినా ప్రభుత్వ పనులు ఆగడం తక్కువ. 2009లో చుట్టూ సైట్లు నిలిచిపోయినా మెట్రో గ్రీన్ లైన్ పని నడిచింది, 2011లో రైలు ఎక్కాం. స్టీల్ ఫిక్సర్‌కి రోడ్లు, వంతెనలు, డ్రైనేజీ పనుల్లో గిరాకీ ఉంటుంది. కొత్త కంపెనీ వీసా ఖర్చు కార్మికుడి మీద వేయకూడదు. "ఇన్ని వేల దిర్హాములు కట్టు, ఆజాద్ వీసా (ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పి అమ్మే వీసా) ఇస్తా" అనే ఏజెంటు దగ్గరికి వెళ్లొద్దని చెప్పండి. క్యాన్సిల్ అయ్యాక ఎప్పటిలోపు మారాలో, లేదా వెళ్లాలో ఆ కాగితం మీదే తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. కంపెనీ వదిలేసి ఖల్లివెల్లి అయితే, అంటే కాగితాలు లేకుండా బయట పని చేసుకుంటే, రోజు కూలి ఎక్కువ అని చెప్పేవాళ్లు క్యాంపులో ఎప్పుడూ ఉంటారు. ఆ కూలి ఎగ్గొడితే అడగడానికి ఏ ఆఫీసుకూ వెళ్లలేడు, జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లడానికీ భయపడాలి. అలా ఉండిపోయి ఎనిమిదేళ్లు కూతుర్ని చూడని మనిషి నాకు తెలుసు.

సాయానికి బర్ దుబాయ్‌లో మన కాన్సులేట్ ఉంది. దానికి అనుబంధంగా ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నడుస్తుంది, టోల్ ఫ్రీ నంబరు 800 46342. కేసు వాళ్లు గెలిపించలేరు. కానీ కాగితం చదివి చెబుతారు, లాయర్ సలహా ఇప్పిస్తారు, అవసరమైతే తిరిగి వచ్చే ఏర్పాట్లలో సాయపడతారు.

ఇక ఇక్కడి అప్పు. నెలకు 3,600 వడ్డీ, ఆరు నెలలకు 21,600. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. ఇంట్లో కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఆ అప్పు కొంతైనా తీర్చండి, బ్యాంకు వడ్డీ ఇందులో సగం కంటే తక్కువే ఉంటుంది. బంగారం లేకపోతే అప్పిచ్చినాయన దగ్గరికి మీరే వెళ్లి, జీతం ఆగిన సంగతి దాచకుండా చెప్పి, మూడు నెలలు వడ్డీ మాత్రం కడతానని అడగండి. ఆయనకు వేరేవాళ్ల ద్వారా తెలిసేకంటే మీరు చెప్పడం మేలు.

ఇంకో మాట, అన్నలా చెబుతున్నాను. 2009లో మా రూమ్‌లో ఒకతను జీతం లేని నాలుగు నెలలూ తోటివాళ్ల దగ్గర చేబదులు తీసుకుని, ప్రతి నెలా అదే మొత్తం ఇంటికి పంపాడు. ఇంట్లో తెలియకూడదని. చివరికి ఊర్లో అప్పు, అక్కడా అప్పు. మీ ఆయన మీకు నిజం చెప్పాడు, అది చాలా పెద్ద విషయం. ఫోన్ చేసినప్పుడు ముందు తిన్నాడా అని అడగండి, డబ్బు సంగతి తర్వాత. క్యాంపులో పని లేకుండా మంచం మీద కూర్చున్న మనిషికి పగలు చాలా పొడుగ్గా ఉంటుంది, రోజంతా పని చేసినప్పటి కంటే ఎక్కువ అలసిపోతాడు.

ఆయన బేసిక్ ఎంతో, కంపెనీలో చేరిన తేదీ ఎప్పుడో, చివరిసారి లీవ్ ఎప్పుడు తీసుకున్నాడో, లేబర్ కార్డు గడువు ఎప్పటిదాకానో కనుక్కుని ఇక్కడే రాయండి. మొత్తం ఎంత రావాలో లెక్క కట్టి ఇస్తాను. ఆ లాంగ్ లీవ్ కాగితం ఫొటో దొరికితే పేర్లు, నంబర్లు కొట్టేసి పెట్టండి, ప్రతి లైనూ తెలుగులో రాసి పెడతాను. ఆయన చదువుకోవచ్చు, రూమ్‌లో మిగతావాళ్లకూ చదివి వినిపించొచ్చు.